మందుల దుకాణంతో ఆగిపోవాలా?

ఫార్మసీ చదివిన పిల్లలకు మన ఇళ్లలో పెద్దలు చూపే దారులు రెండే: మందుల దుకాణం, లేకుంటే కంపెనీ ఉద్యోగం. ఆడపిల్ల అయితే, "డిగ్రీ అయింది, ఇక చాలు" అనేస్తాం.

రంజాన్ మాసాన్ని తలచుకుందాం. మధుమేహం ఉన్న తండ్రి ఉపవాసం ఉంటానని పట్టుబడతారు. పగటి మాత్రను సహ్రీకి మార్చాలా, ఇఫ్తార్‌కా? మోతాదు తగ్గించాలా? కొన్ని మాత్రలు ఉపవాస వేళ రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా తగ్గించగలవు. వైద్యునితో కలిసి దీనిని తేల్చవలసినవారు క్లినికల్ ఫార్మసిస్టులు. వారి పరిశోధన పుట్టేది ఇటువంటి ప్రశ్నల నుంచే. ప్రశ్న మన ఇంటిది. జవాబు వెతికేవారు మన ఇంటి నుంచి రావద్దా?

అందుకు మార్గముంది. ఆరేళ్ల ఫార్మ్‌.డి. కోర్సు మన దేశంలో 2008లో మొదలయింది. చివరి ఏడాది ఆసుపత్రిలో శిక్షణ. బి.ఫార్మసీ చేసినవారు జీప్యాట్ రాసి, ఎం.ఫార్మసీలో ఫార్మసీ ప్రాక్టీస్ తీసుకోవచ్చు. ఆపైన పిహెచ్‌.డి., బోధన. మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010లో ఆరంభమయింది. వైద్య కళాశాలల్లోని దాని కేంద్రాలు పరిశోధనకు తొలి మెట్టు కాగలవు.

ప్రతి రోగానికీ మందు ఉందని దైవప్రవక్త (స) బోధించారు. వెయ్యేళ్ల నాటి అల్ బీరూనీ తన చివరి రోజుల్లో ఔషధ శాస్త్రంపైనే గ్రంథం రచించారు. మనం ఆ వారసత్వాన్ని పొగడటంతో సరిపెట్టుకోవద్దు. అమ్మాయి నికాహ్ మాట్లాడే నాడే ఆమె పైచదువు మాట కూడా తేల్చుకుందాం. ఆ జ్ఞానంలో అల్లాహ్ శుభం ప్రసాదించుగాక!