18 ఏండ్లు నిండినవారి గతి యేమి?

అనాథశరణాలయములలోను, బాలసదనములలోను పెరిగిన బిడ్డలకు 18 ఏండ్లు నిండెననగా గడప దాటవలసిన దినము వచ్చెనని యర్థము. పుట్టినదినము పరీక్షలను చూచి రాదు. ఇంటర్మీడియేటు ముగియని కుమారుని చేతికి సంచి యిచ్చి వీధిలో నిలువబెట్టిన తండ్రిని ఊరంతయు నిందించును. తండ్రి స్థానమున నున్న ప్రభుత్వము ఈ పనియే చేసినపుడు నోరు మెదపువారు లేరు!

శాసనము లేకపోలేదు. 2015వ సంవత్సరపు జువెనైల్ జస్టిస్ శాసనములోని 46వ సెక్షను ఇట్టివారి కొఱకే యేర్పడినది. పాఠకులు దానిలోని క్రియాపదమును గమనింపవలయును. సంస్థను విడుచు బిడ్డకు ధనసహాయము ‘చేయవచ్చును’ అని యున్నదే కాని, ‘చేయవలయును’ అని లేదు. న్యాయవాదవృత్తిలో నుండుటచే ఈ రెండు మాటల నడిమి దూరము మే మెఱుగుదుము. ‘వచ్చును’ అన్నదానికి ‘వలయును’ అని యర్థము చెప్పిన తీర్పులును గలవు. అట్టి తీర్పు తెచ్చుకొనుటకు వకీలు కావలయును, ఫీజు కావలయును, వాయిదాల నడుమ తలదాచుకొన చోటు కావలయును. అవి గలవానికి ఈ సెక్షనుతో పనియేమి?

2016 నాటి మాదిరి నియమములు కొంత మేలు. చదువు, వృత్తిశిక్షణము, ఉద్యోగము, నివాసము వీనికై రాష్ట్రప్రభుత్వము కార్యక్రమమును సిద్ధపఱచి తీరవలయునని 25వ నియమము చెప్పుచున్నది. 21 ఏండ్లవఱకును, అసాధారణ పరిస్థితులలో మఱి రెండేండ్లును ఆదరణ మొసగవచ్చునట. మరల ‘వచ్చును’! 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకములు నెలకు 4,000 రూపాయలు నిర్ణయించినవి. హైదరాబాదులో గాని విజయవాడలో గాని గదియద్దెకు, కూటికి, బస్సుకు ఈ సొమ్ము ఎన్ని దినములు వచ్చును? పైగా ఇల్లద్దెకిచ్చువాడు తండ్రి యెవరని యడుగును. ఆసుపత్రిలో కాగితముపై బంధువు సంతకము కోరుదురు. ఆ యువకుడు ఎవరి పేరు చెప్పవలయును?

సహాయము చేసినచో సోమరులగుదురని కొందఱు పెద్దలు సెలవిచ్చుచున్నారు. తమ కుమారులను 25 ఏండ్లవఱకు పోషించి చదివించునపుడు వారి కీ భయము కలుగదు కాబోలు.

46వ సెక్షనులో ‘వచ్చును’ తీసి ‘వలయును’ అని చేర్చుడని పార్లమెంటును కోరుచున్నాము. అందాక రాష్ట్రప్రభుత్వములు ఊరకుండ నక్కఱలేదు. 16వ యేటనుండియే ఒక్కొక్క బిడ్డ భవిష్యత్తునకు ఏర్పాటు జరుగవలయును. సంస్థను విడిచిన పిమ్మట వారి మంచిచెడ్డలకు జిల్లాకొక యధికారి పేరుపెట్టి బాధ్యుడు కావలయును. పాఠకులారా, మీ శాసనసభ్యుడు వచ్చినపుడు రెండు లెక్కలడుగుడు: పోయినయేడు మన జిల్లాలో 18 ఏండ్లు నిండి సంస్థలను విడిచినవా రెందఱు? వారిలో ఒక్క నెలయైనను ఆ 4,000 రూపాయలు చేతికందినవా రెందఱు?