తెర ఎవరి కోసం వెలుగుతున్నది?

డిజిటల్ తెరలు వచ్చాయి గనుక ప్రజలకు సమాచారం అందుతున్నదన్న వాదం ఈ మధ్య అభ్యుదయవాదుల నోట కూడా వినవస్తున్నది. నేను ఒప్పుకోను.

కిందటేడు పాలమూరు ప్రాంతంలో ఒక బస్సుస్టాండులో నిలబడి ఉన్నాను. ఎదురుగా పెద్ద తెర. ప్లాట్ల వెంచరు, బంగారు దుకాణం, ర్యాంకుల కాలేజి, మళ్లీ వెంచరు. నడుమ బస్సుల వేళలు క్షణంపాటు మెరిశాయి. పక్కనున్న ముసలమ్మ, "బిడ్డా, దేవరకొండ బస్సు ఎన్నిటికని రాసిండ్రు?" అని అడిగింది. నేను కళ్లద్దాలు సవరించుకునేలోగా వెంచరు తిరిగివచ్చింది. చదువుకున్న నా గతే ఇది!

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం. అప్పటి రాష్ట్రంలో అట్టడుగు జిల్లా అదే. అక్కడ పరుగెత్తే అక్షరాన్ని సమాచారమనడమంటే దాదాపు సగంమందిని లెక్కలోంచి కొట్టివేయడమే. పాత డప్పు చాటింపు గొప్పదని నేననను. దాని వెనుక వెట్టి ఉన్నది, కులం ఉన్నది. అయినా చాటేవాణ్ణి ఆపి, మళ్లొకసారి చెప్పమనవచ్చు. తెరను ఎవరు ఆపుతారు?

ప్రకటనలు లేకుంటే ఖర్చు ఎవరు భరిస్తారని అడుగుతారు. స్థలం ప్రజలది. అక్కడ అమ్ముడుపోతున్న సరుకు కూడా ప్రజల చూపే. అది అమ్ముకున్నవారు మనకు ఉపకారం చేశామంటే నమ్మాలా?

బస్సు తప్పితే మరో బస్సు వస్తుంది. నీటి సంగతి అట్లా కాదు. నల్లగొండ ఫ్లోరైడు ఎముకలు వంచిన జిల్లా. పటిక, సున్నంతో నీటిలో ఫ్లోరైడు తగ్గించే విధానానికి ప్రపంచమంతటా ఆ ఊరి పేరే ఉన్నది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు తాగరాదు. ఏ బోరులో ఎంత ఉన్నదో ఆ బోరు దగ్గరే తెలియాలి. బంగ్లాదేశ్‌లో ఆర్సెనిక్ ఉన్న చేతిపంపులకు ఎరుపు, మంచివాటికి ఆకుపచ్చ పూశారు. దానికి కరెంటు అక్కరలేదు, అక్షరమూ అక్కరలేదు.

2005 సమాచార హక్కు చట్టం నాలుగవ సెక్షను చెప్పేదీ ఇదే: స్థానిక భాషను, ఆ ప్రాంతంలో బాగా పనిచేసే పద్ధతిని చూసుకుని తెలియజేయాలి. నోటీసు బోర్డులనూ, బహిరంగ ప్రకటనలనూ పేరుపెట్టి మరీ చెప్పింది.

తెరలు పీకివేయమనడం లేదు. వేళలు కదలకుండా నిలవాలి, గొంతుతోనూ వినిపించాలి. ప్రకటనలే ఒక మూలకు జరగాలి.

ఆ రోజు దేవరకొండ బస్సు ఎన్నింటికో మాకు చెప్పినవాడు పల్లీలమ్మే మనిషి.