చెట్టు లెక్క సరే, చేతుల లెక్కేది?

1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తితే, సర్కారు లెక్కల్లోనే దాదాపు పదివేల మంది పోయారు. 1990 మే 9న అంతే ఉద్ధృతమైన తుపాను మళ్లీ కృష్ణా తీరాన్నే తాకింది. లక్షల మందిని ముందే ఖాళీ చేయించడంతో మృతుల సంఖ్య వెయ్యి దాటలేదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటేనాటికి ప్రాణనష్టం ఇంకా తగ్గింది. ప్రాణాలు కాపాడటంలో మనం ఆరితేరాం, కాదనలేం. పేచీ అంతా ఆ తర్వాతే.

తిత్లీ తాకిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతే చూడండి. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో తెల్లారేసరికి కొబ్బరి తోటలు నేలకొరిగాయి. జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. పడిన కొబ్బరిచెట్టుకు 1,500 రూపాయలన్నారు. మరుసటి ఏడాది వచ్చిన ప్రభుత్వం దాన్ని 3,000 చేసింది. మంచిదే. కానీ చెట్టును నమ్ముకున్నది తోటదారు ఒక్కడేనా?

నడుముకు కత్తి దోపుకుని చెట్టెక్కి గెల దింపేవాడు ఒకడు. రాలిన కాయలు ఏరి కుప్పపోసేవాళ్లు ఇంకొకరు. నేలలో పాతిన గునపం మొనకు కాయను గుచ్చి, ఒక్క విసురుతో పీచు ఒలిచేవాడు మరొకడు. మట్టల ఈనెలు చీరి చీపుళ్లు కట్టే ముసలమ్మ, లారీకెత్తే కూలీ, జీడిపిక్కలు ఏరే ఆడవాళ్లు సరేసరి. వీళ్లలో చాలామందికి సెంటు తోట ఉండదు. నష్టం అంచనాకు వచ్చిన ఉద్యోగి చెట్లు లెక్కపెట్టుకుని పోతాడు. చెట్టెక్కే మనిషి పేరు రాసే గడి ఆయన కాగితంలో ఉండదు. సాయంగా ఇచ్చే బియ్యం, పప్పు నెల తిరక్కుండానే నిండుకుంటాయి. కొత్త మొక్క కాపుకు రావాలంటే అయిదారేళ్లు. అందాకా ఆ ఇల్లు గడిచేదెలా? వలస రైలెక్కడమే దారి.

కౌలు రైతుదీ ఇదే వరస. 2019 చట్టం ప్రకారం సాగు హక్కు కార్డుకు భూ యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే పొలం ఎక్కడ చేజారుతుందోనని ఆయన భయం. కార్డు రాదు. తుపానుకు పెట్టుబడి మునిగేది ఒకరిది, ఖాతాలో సాయం పడేది మరొకరికి.

ఆస్తి ఉన్నవాడికి ఇవ్వొద్దని ఎవరూ అనరు. ఆస్తి పోయినవాడితోపాటు పని పోయినవాడినీ బాధితుడిగా రాసుకోవాలి. బోగస్ పేర్లు చేరతాయంటారా? ఎవరు చెట్టెక్కుతారో, ఎవరు ఎవరి పొలం చేస్తారో ఊళ్లో తెలియనిది ఎవరికి? జాబితాను గ్రామసభలో పైకి చదివితే సగం దొంగ పేర్లు అక్కడే రాలిపోతాయి.

తుపానుల కాలం ఏటా చెప్పి వచ్చేదే. కాబట్టి ఆ జాబితా ముందే సిద్ధం కావాలి. పడిన మానుల తొలగింపు, నర్సరీల పెంపకం, మొక్కలు నాటడం, అంతరపంటల పని మొదట వాళ్లకే ఇచ్చి, తోట కాపుకొచ్చేదాకా కూలి గిట్టేలా చూడాలి. విరాళాలిచ్చే సంస్థలు, విదేశాల్లోని మనవాళ్లు దుప్పట్ల పంపిణీతో ఆగకుండా ఒక్కో ఊరికి అయిదేళ్లపాటు తోడుండాలి. ఈసారి కలెక్టరేట్‌లో నష్టాల సమీక్ష జరిగితే, ఎన్ని చెట్లు పడ్డాయన్న ప్రశ్న వెంటే ఎంతమందికి పని పోయిందన్న ప్రశ్నా వేయాలి. దానికి జవాబు లేని నివేదికను వెనక్కి పంపాలి.