కంటినిండా నిద్ర ఎవరి వంతు?

మన కర్నూలులో గానీ, కడపలో గానీ ఆడమనిషి కాస్త ఒళ్లు చేసిందంటే చాలు, సలహాలకు కరువుండదు. "రాత్రిపూట అన్నం మానేసి జొన్నరొట్టె తినక్కా" అంటుంది పక్కింటామె. "తెల్లారి నాలుగున్నరకే లేచి నడువు వదినా, అదే తగ్గుతాది" అంటుంది ఎదురింటామె. "తిని పడుకుంటే లావు కాక ఏమయితాది?" అని గొణుగుతారు ఇంకొకరు. ఇంతమందిలో ఒక్కరైనా "రోజూ ఎన్ని గంటలు నిద్రపోతున్నావు?" అని అడగరు. ముందు అడగాల్సింది అదే అంటాను నేను.

ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖమెరగదు అన్నారు పెద్దలు. ఆకలికీ నిద్రకూ లోపల్లోపల నిజంగానే చుట్టరికం ఉంది. "ఇక చాలు" అని చెప్పే లెప్టిన్, "ఇంకా పెట్టు" అని అడిగే గ్రెలిన్ అని మన ఒంట్లో రెండు హార్మోన్లున్నాయి. 2004లో షికాగో విశ్వవిద్యాలయం వారు 12 మంది ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూశారు. పదేసి గంటలు పడుకోనిచ్చినప్పటితో పోలిస్తే లెప్టిన్ 18 శాతం తగ్గింది, గ్రెలిన్ 28 శాతం పెరిగింది. తీపి మీదా, ఉప్పుకారాల చిరుతిళ్ల మీదా మనసు పోయింది. నిద్ర చాలని రోజు సాయంత్రం బొరుగుల డబ్బా, బజ్జీల బండి ఎందుకంతగా పిలుస్తాయో అర్థమైంది కదూ! దాన్ని తిండిపోతుతనం అనడం అన్యాయం.

ఇంకొకటి వినండి. 2010లో అక్కడే బరువెక్కువున్న 10 మందికి పథ్యం పెట్టారు. రెండు వారాలు రాత్రికి ఎనిమిదిన్నర గంటలు, మరో రెండు వారాలు ఐదున్నర గంటలు పడక మీద ఉండనిచ్చారు. రెండుసార్లూ తిండి ఒకటే, తగ్గిన బరువూ ఇంచుమించు మూడు కిలోలే. కానీ నిద్ర ఉన్నప్పుడు కొవ్వు 1.4 కిలోలు కరిగితే, లేనప్పుడు 0.6 కిలోలే కరిగింది. పోకూడని కండ ఎక్కువ పోయింది. రాత్రి పన్నెండుకు పడుకుని, నాలుగున్నరకు లేచి, పస్తుండి నడిచే అక్కచెల్లెళ్లు ఈ లెక్క ఒక్కసారి ఆలోచించాలి.

2022లో వచ్చిన పరిశోధన మరింత ఆశ కలిగిస్తుంది. ఆరున్నర గంటలకన్నా తక్కువ నిద్రపోయే 80 మందిని తీసుకుని, వారిలో సగం మందికి ఇంట్లోనే నిద్ర పెంచుకునే పద్ధతులు చెప్పారు. వాళ్లు గంటకు పైగా ఎక్కువ నిద్రపోయారు. తిండి తగ్గించమని ఎవరూ చెప్పకుండానే రోజుకు సుమారు 270 కేలరీలు తక్కువ తిన్నారు. అంటే ఇంచుమించు రెండు జొన్నరొట్టెలన్నమాట!

అలాగని నిద్ర ఒక్కటే బరువు దించుతుందని కాదు. తిండి, నడక, థైరాయిడ్, కాన్పులు అన్నీ లెక్కలోకి వస్తాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 36 మంది అధిక బరువుతో ఉన్నారు. ఇంతమందికీ "తక్కువ తిను" అని చెప్పడం సులువు. "కాసేపు పడుకో, ఆ పని నేను చూస్తాను" అనడమే కష్టం.

మన నిద్ర ఎక్కడికి పోతోంది? ఎండాకాలం వస్తే మన మిద్దెలు పగలంతా తాగిన వేడిని అర్ధరాత్రి దాకా కక్కుతాయి. ఒళ్లు చల్లబడందే కన్ను మూతపడదు. నీళ్లు ఏ వేళకొస్తాయో తెలియని వీధుల్లో కొళాయి చప్పుడుకు చెవి ఒగ్గి పడుకునేది ఇల్లాలే. ఆలస్యంగా వచ్చే భర్తకు అన్నం, పొద్దున్నే పోయే పిల్లలకు క్యారియర్. 2024 కాల వినియోగ సర్వే లెక్క చూడండి: దేశంలో జీతం లేని ఇంటిపని చేసేవారిలో ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్లు పెట్టేది 88. ఇక అందరూ పడుకున్నాక దొరికే గంట మాత్రమే మనది. నా కథలన్నీ ఆ గంటలో రాసుకున్నవే. కొందరికది సీరియల్, కొందరికి ఫోను. ఆ గంటను వదులుకోమంటే మనసొప్పదు. అందుకే పగటిపూట ఒక గంట ఇంటివాళ్లను అడిగి తీసుకోవాలంటున్నాను.

ఏం చేయొచ్చు? నీళ్లు పట్టే వంతు ఇంట్లో అందరికీ పంచండి. ఆలస్యంగా వచ్చేవారు తామే వడ్డించుకుని, గిన్నె కడిగి పెట్టాలి. సాయంత్రం నాలుగు దాటాక కాఫీ, టీ మానండి. ఫోనును పడక దగ్గరికి రానివ్వకండి. తెల్లవారి నడకకు నిద్ర చాలకపోతే సాయంత్రం నడవండి.

పెద్దగా గురక పెడుతూ, నిద్రలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తూ, పగలంతా తూగుతుంటే మాత్రం నవ్వి ఊరుకోకండి. బరువు పెరిగినవారిలో నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఎక్కువ. దానికి వైద్యం ఉంది. ఊపిరితిత్తుల డాక్టరుకో, చెవి ముక్కు గొంతు డాక్టరుకో చూపించుకోండి.

బరువు చూసే యంత్రం మీద ఆడవాళ్లను ఎక్కించే ముందు, ఆ ఇంట్లో ఎవరు ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేస్తున్నారో ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితాన్ని ఇంటివాళ్లందరి ముందూ పెట్టండి. పథ్యం అక్కడి నుంచే మొదలు కావాలి.