నాలుగు శాతం ఎవరి చేతికి?

వ్యాపార సంఘం వర్తకుల కూటమి మాత్రమే కాదు; అప్పు, సమాచారం, నమ్మకం చేతులు మారే చోటు. మన సమాజంలో ఆ నమ్మకం తరచూ కులం గీసిన గిరి దాటదు. గిరి బయట నిలిచినవారి కోసమే 2005లో మిలింద్ కాంబ్లే పుణెలో దళిత వాణిజ్య మండలి ‘డిక్కీ’ని స్థాపించారు.

కేంద్రం 2012 కొనుగోళ్ల విధానంలో ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమలకు 4 శాతం నిర్దేశించింది. ఏళ్లు గడిచినా ఆచరణ ఆ లక్ష్యానికి దూరంగానే ఉంది. సరఫరాదారులు దొరకడం లేదన్నది తరచూ వినిపించే సాకు. టెండరు ధరావతు మినహాయించినా, బిల్లు చేతికందేదాకా నిలదొక్కుకునే స్తోమత తరతరాల ఆస్తి లేనివారికి ఎక్కడిది?

కనుక ఇటువంటి సంఘాల బాధ్యత విజేతలను సన్మానించడంతో తీరదు. ఏ ప్రభుత్వ సంస్థ ఎవరి వద్ద ఎంత కొన్నదో, ఎన్నాళ్లకు చెల్లించిందో ఏటా నిలదీయాలి. లేకుంటే వాటా కాగితంపైనే ఉంటుంది, వ్యాపారం పాత చేతుల్లోనే ఉంటుంది.