సొట్ట పడని దెబ్బ

విమానానికి వడగల్లు తగిలితే ఏమవుతుంది? అల్యూమినియం రేకైతే సొట్ట పడుతుంది, చూడగానే తెలుస్తుంది. కార్బన్ నారను పొరలుగా పేర్చి జిగురుతో బిగించిన పలకైతే పైకి నునుపుగానే ఉండి, లోపల పొరలు విడిపోయి ఉండవచ్చు.

మన పుస్తకాలు ఈ మిశ్రమ పదార్థాలను "తేలిక, దృఢం" అని పొగిడి ఊరుకుంటాయి. అది సగం నిజమే అంటాను. నార వెంబడి లాగితే అవి ఉక్కుకు తీసిపోవు. కాని పొరకూ పొరకూ మధ్య ఉన్నది జిగురే కదా! దెబ్బ తగిలితే అక్కడే ఊడుతుంది. అలా ఊడిన పలకను రెండు చివరల నుండి నొక్కితే త్వరగా వంగి విరుగుతుంది.

దెబ్బ ఎంతటిదో మీరే లెక్క కట్టండి. 5 సెంటీమీటర్ల వడగల్లు సుమారు 60 గ్రాములుంటుంది. సెకనుకు 30 మీటర్ల వేగంతో పడితే దాని గతిజశక్తి 27 జౌళ్ళు. సెకనుకు 240 మీటర్ల వేగంతో పోయే విమానం దానికి ఎదురైతే? వేగం 8 రెట్లు, శక్తి 64 రెట్లు! 2025 మే 21న ఢిల్లీ నుండి శ్రీనగర్ వెళ్ళే విమానం ముక్కు వడగళ్ళకు పగిలింది. అందరూ క్షేమంగా దిగారు. ముక్కులో రాడార్ ఉంటుంది. దాని తరంగాలు లోహాన్ని దాటలేవు గనుక అక్కడ లోహపు రేకు పనికిరాదు.

పగిలిన ముక్కు ఎవరికైనా కనిపిస్తుంది. నా దిగులంతా పగలనట్టు కనిపించే చోట్ల గురించే. బోయింగ్ 787 బరువులో దాదాపు సగం ఇలాంటి పదార్థమే మరి. అతిధ్వనులతో వెదికే యంత్రాలున్నాయి. అయినా మెకానిక్కులు నాణెంతోనో చిన్న సుత్తితోనో తట్టి వింటారు. బాగున్నచోట ఖంగుమంటుంది, పొర విడినచోట మొద్దుగా పలుకుతుంది. సంతలో కుండ కొనేటప్పుడు మీ అమ్మ చేసేదీ ఇదే. ధ్వని పాఠం చెప్పే రోజున బల్లమీద శృతిదండంతోపాటు ఒక మంచి కుండ, ఒక బీటవారిన కుండ కూడా ఉండాలని నా వాదన.