బిచ్చగానిపట్ల పట్టణ ధర్మము

చీరాల రైలు స్టేషను మెట్లయొద్దను, బట్టల బజారులోను, ఆదివారమున గుడి గుమ్మముచెంతను చేయి చాచువారిని ఎరుగని విద్యార్థి యుండడు. వారిని ఊరినుండి తరిమివేయవలెనని కొందరును, చిల్లర వేసి సాగిపోయిన చాలునని కొందరును అందురు. ఈ రెండు మార్గములకును లోప మొక్కటియే: ఆ మనుష్యుని ఎవరును ఏమియు అడుగరు.

తరుముట క్రొత్త గాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1977లోనే భిక్షాటన నివారణ చట్టము చేయబడెను. 2017 నవంబరులో హైదరాబాదున అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు జరుగనున్నదనగా, నగర పోలీసువారు రెండు నెలలు భిక్షాటనను నిషేధించి, వీధులలోనివారిని జైళ్ల ఆవరణలందలి ఆశ్రమములకు తరలించిరి. అతిథులు వచ్చి వెళ్లిరి. నిషేధమునకు గడువు గలదు గాని ఆకలికి గడువు లేదు గదా!

న్యాయస్థానములు ఈ సంగతి గ్రహించినవి. 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు, భిక్షాటనను నేరముగా నెంచు విధులను రాజ్యాంగ విరుద్ధములని కొట్టివేసెను. 2021 జులైలో, బిచ్చగాండ్రను వీధులనుండి తొలగింప నాజ్ఞాపింపుమని కోరగా సుప్రీముకోర్టు అందుకు సమ్మతింపక, విద్యయు ఉపాధియు లేమిచేతనే జనులు ఆ స్థితికి వచ్చుచున్నారని పలికెను.

అయిన చట్టమే వలదని నేననను. పసిబిడ్డలచేత బిచ్చమెత్తించి బ్రదుకువారికి 2015నాటి బాలన్యాయ చట్టము అయిదేండ్లవరకు చెరసాల విధించుచున్నది. ఆ దండన తగియున్నది. అది పడవలసినది ఎత్తించువానిమీదనే గాని ఎత్తువానిమీద గాదు.

ఇక చిల్లర సంగతి. మా వీధి మలుపున కూర్చుండు నొక వృద్ధునికి నేను చాలకాలము నాణెము వేయుచుంటిని. పేరైనను అడిగి యెరుగను. తొమ్మిదవ తరగతి బాలు డొకడు అడిగెను. ఆయన నేతగాడట. చూపు మందగించి మగ్గము విడిచెను. 2024 జులైనుండి మన రాష్ట్రమున వృద్ధులకు నెలకు 4000 రూపాయల పింఛను గలదు గాని, ఆయనకు ఆధారు కార్డు లేదు, చిరునామా లేదు. నా నాణెము ఆయనకు సాయమగుటకంటె నా మనస్సునకు సమాధానమగుటకే యెక్కువ పనికివచ్చినదని ఆనాడు సిగ్గుపడితిని. ఇప్పుడాయన పక్షమున వార్డు సచివాలయమునకు దరఖాస్తు వ్రాసి కాచుకొనియున్నాము.

ఇల్లు లేకుండుట యెట్టిదో మన ఊరు ఎరుగును. 1921లో పురపాలక సంఘపు పన్నుల నెదిరించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున చీరాల పేరాల ప్రజలు ఇండ్లు విడిచి, రామనగరమను పేర వెలసిన పాకలలో సుమారు 11 నెలలు కాలము గడపిరి. అట్టివారి సంతతివారము మనము, ఆరుబయట పరుండువానిని చూచి ముఖము త్రిప్పుకొనదగునా?

యెరికో త్రోవప్రక్కను గ్రుడ్డి బర్తిమయి మొరపెట్టగా జనులు వాని నోరు మూయింప జూచిరి. ప్రభువు నిలిచి, వానికేమి కావలయునో వానినే అడిగెను. వాడు నాణెము కోరలేదు, చూపు కోరెను. విద్యార్థులారా, ఇచ్చుట మానకుడు. ఇచ్చి, ఒక్క నిమిషము నిలిచి అడుగుడు.